మూత సరిగా పడని పెట్టె

బైద్యబాటి
జులై 3

అమ్మా, మీ పాదాలకు నమస్కారం.

మీరు క్షేమంగా జోర్హాట్‌లో మీ అమ్మాయి మిఠూ ఇంటికి చేరారని మీ అబ్బాయి చెప్పారు. ఆయన దుర్గాపూర్ నుంచి శనివారం వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్ళిపోతారు. ఈ మధ్యలో నేనెంత గుచ్చి గుచ్చి అడిగినా "అమ్మ బాగానే ఉంది, మిఠూ బాగానే ఉంది" అన్న రెండు ముక్కలు తప్ప రాలవు. మీతో ఫోనులో మాట్లాడదామంటే మీ చెవికి ఈగల మోత తప్ప ఏమీ వినిపించదంటారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మీరు రైలెక్కిన మూడో రోజున మనింటికి ఒక పిల్లి వచ్చింది. బూడిదరంగుది, ఎడమ చెవి కొస తెగి ఉంది. వంటగది గడప మీద కూర్చుని నేను చేప కడుగుతున్నంతసేపూ నన్నే చూస్తుంది. నూకల అన్నం పెడుతున్నాను కదా అని దాన్ని 'ఖుదు' అంటున్నాను. బాగా తిని ఒళ్ళు చేసిందనుకున్నాను గానీ పక్కింటి బులా కాకిమా చూసి, "పిచ్చిపిల్లా, అది ఒళ్ళు కాదు, కడుపు!" అంది.

కడుగుతున్న చేప అక్కడే వదిలేసి లోపలికి వచ్చేశానమ్మా. పోయిన ఏడాది ఐదో నెలలో నా కడుపు పోయిన దగ్గర్నుంచి నిండు మనిషి ఎదురైతే నేను పక్క సందులోకి తిరిగిపోతున్నాను. ఈ పిల్లి నన్ను తప్పుకోనివ్వడం లేదు. తరిమేద్దామంటే పిల్లల్ని ఇచ్చే షష్ఠీదేవికి వాహనం. ఉంచుకుందామంటే దేనికేం చెయ్యాలో తెలియదు. మీరే చెప్పాలి.

మిఠూ ఎలా ఉంది? నా కడుపు పోయిన మర్నాడు మీ అమ్మాయి ఫోను చేసి, "మేడమెట్లు ఎక్కొద్దంటే విన్నావా బౌదీ?" అంది, వదిననని కూడా చూడకుండా. ఆ మాట నాకింకా గొంతు దిగలేదు. ఏడాదిగా మేమిద్దరం మాట్లాడుకోలేదని మీకు తెలుసు. అయినా ఎలా ఉందో రాయండి. నేనడిగానని మాత్రం చెప్పకండి.

మీ
కేతకి


జోర్హాట్
జులై 11

శ్రీ దుర్గ తోడు

బౌమా,

నీ ఉత్తరం నిన్న అందింది. ముందుగా ఒక మాట. పిల్లిని తరిమావని తెలిస్తే కోడలివని కూడా చూడను, ఇక్కడి నుంచే శాపం పెడతాను. షష్ఠీదేవి తనకు కావలసిన ఇల్లు చూసుకునే పంపుతుంది, మన ఇష్టాయిష్టాలు కనుక్కుని పంపదు.

పిల్లికి ఏడో నెల తొమ్మిదో నెల అన్న లెక్కలుండవు. పొట్ట కిందికి జారిందంటే వేళ దగ్గరపడ్డట్టే. మంచి రోజు చూసి దానికి సాధ్ పెట్టు. నవ్వకు. మా అత్తగారు ఇంట్లో ఈనిన ప్రతి పిల్లికీ పెట్టేది. కడుపుతో ఉన్న ఆడపిల్లకు చేసినట్టే అయిదు రకాల వేపుళ్ళు, ఇలస తలకాయ కూర, గోవిందభోగ్ బియ్యంతో చిక్కటి పాయసం. వేపుళ్ళు అది తినదు, నువ్వు తిను. తలకాయా పాయసమూ దానికి పెట్టు. కడుపుతో ఉన్న ప్రాణి ఏదీ మన గడపలో కోరిక తీరకుండా ఉండకూడదు.

ఇక్కడ వాన తెరిపి లేకుండా పడుతోంది. మంచం దిగితే బిడ్డకు ప్రమాదమని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి మీ ఆడపడుచు కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకుని మహారాణిలా పడుకుని ఉంది. పొద్దస్తమానం ఫోను గీకుతూ ఉంటుంది. "కళ్ళు పోతాయే" అంటే, "కళ్ళేగా, కాళ్ళు ఎలాగూ పోయాయి" అంటుంది. పక్క బంగళాలో హజారికా గారని తేయాకు తోట పశువుల డాక్టరు ఉన్నాడు. సాయంత్రం వచ్చి టీ తాగి, "కదలకుండా ఉంటోందా?" అని నన్ను అడుగుతాడు, మిఠూని అడగడు. ఆవులతో అలవాటు మరి.

నువ్వడిగావని చెప్పలేదు. నీ సంగతి తనే అడిగింది. అది కూడా నీకు చెప్పొద్దంది. మీ ఇద్దరి మధ్యా నేనొక పోస్టుమానుని.

శైలబాల


బైద్యబాటి
జులై 24

అమ్మా, నమస్కారం.

మీరు చెప్పినట్టే గురువారం ఖుదుకి సాధ్ పెట్టాను. కంచు పళ్ళెంలో ఇలస తల, గిన్నెలో పాయసం. బులా కాకిమా శంఖం కూడా ఊదింది. ఆ శబ్దానికి ఖుదు బీరువా ఎక్కింది. దిగి వచ్చాక గిన్నె అడుగు దాకా నాకింది. శుక్రవారం నుంచి మూడు రోజులు దానికి విరేచనాలు. కళ్ళు లోపలికి పోయి, లేవలేక గడప మీదే పడుకుంది. నా చేతులారా మరో కడుపు పోగొడుతున్నానా అని భయంతో నాకూ అన్నం దిగలేదు.

ఏం చెయ్యాలో తోచక ఫోనులో పిల్లులు పెంచుకునేవాళ్ళ గ్రూపు ఒకటుంటే అందులో, వంటింటి గడప మీద పడుకున్న ఖుదు ఫొటో పెట్టి సలహా అడిగాను. గంటలో నూట నలభై మంది! ఒకాయన పొట్టకు ఆముదం రాయమన్నాడు. ఒకావిడ పసుపు తాగించమంది. ఒకరు గ్రహణంలో బయటికి పంపావా అని నిలదీశారు. ఒకాయనైతే గులాబీ పువ్వు బొమ్మ పెట్టి శుభోదయం చెప్పి వెళ్ళిపోయాడు. అంతమందిలో ఒక్కరే నాకు చెప్పే ముందు నన్ను అడిగారు. పేరు 'ఇచ్ఛామతి'. తన ఫొటో ఉండాల్సిన చోట ఒక నది బొమ్మ. "పాలు గానీ పాలతో చేసినవి గానీ పెట్టారా? ఎన్ని రోజులైంది? నీళ్ళు తాగుతోందా?"

పాయసం సంగతి చెప్పాను. "చాలా పిల్లులకు పాలు పడవు. వెంటనే ఆపండి. ఉప్పూ ఉల్లీ లేకుండా కోడిమాంసం ఉడకబెట్టి కొంచెం కొంచెంగా పెట్టండి. మంచినీళ్ళు ఎప్పుడూ పక్కన ఉంచండి. ముళ్ళున్న చేప వద్దు. రేపటికి తేరుకోకపోతే బుట్టలో పెట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి, ఇంకెవరినీ అడుగుతూ కూర్చోకండి" అని రాశారు. మర్నాటికి ఖుదు లేచి నిలబడింది. ఆ మనిషి ఎవరో తెలియదు గానీ రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ పేరు కూడా తలుచుకుంటున్నాను.

మీ మీద తప్పు మోపడం లేదమ్మా. కానీ మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. కడుపుతో ఉన్న ప్రాణి ఏదీ ఈ గడపలో కోరిక తీరకుండా ఉండకూడదన్నారు. ఖుదు అదృష్టవంతురాలు.

మీ
కేతకి


జోర్హాట్
ఆగస్టు 2

శ్రీ దుర్గ తోడు

బౌమా,

నా చేతి మీదుగా పదకొండు ఈతలు జరిగాయి. పిల్లులకు పాలు పడవట! ఈ ముక్క పిల్లులకు ఎవరైనా చెప్పారా? మా పుట్టింట్లో పిల్లి పాలు తాగే పెరిగింది, పాలు దొంగిలించే చచ్చింది. ఈ ఇచ్ఛామతి ఎవరమ్మా? మొహం చూపించని మనిషి మాట నీకు వేదమైంది, కని పెంచిన దాని మాట విషమైంది. మగవాడేమో కూడా నీకు తెలియదు.

నీ ఉత్తరం మిఠూకి చదివి వినిపించాను. శంఖం సంగతికి పొట్ట పట్టుకుని నవ్వింది. నేను ఇచ్ఛామతిని తిడుతుంటే ఇంకా నవ్వింది. "అమ్మా, ఆ మనిషిని అంత మాటనకు" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఈ రోజుల్లో పిల్లలకు పరాయివాళ్ళంటే ఎంత ప్రేమో!

ఇది మాత్రం విను. ఖుదు ఈనాక పురిటి గది ఆరు రోజులు ఎవరూ ముట్టకూడదు. ఆరో రోజు స్నానం చేసి, పిల్లల దగ్గర కలమూ సిరాబుడ్డీ పెట్టు. విధాత వచ్చి నుదుటి రాత రాసి పోతాడు. ఆయన రాసే దాకా మనం వేలు పెట్టకూడదు.

ఏదో వాక్యం అన్నావు. నాకు గుర్తు లేదు. నేను రాసిందంతా పిల్లి గురించే.

శైలబాల


బైద్యబాటి
ఆగస్టు 18

అమ్మా,

ఖుదు నిన్న ఈనింది. నాలుగు కూనలు. తల్లీ పిల్లలూ క్షేమం. 

వారం క్రితమే ఇచ్ఛామతి గారు రాశారు. "చీకటిగా, గాలి తగలకుండా, మీరు వంగి చూడగలిగేలా ఒక చోటు ఏర్పాటు చెయ్యండి. మేడమీద మూత సరిగా పడని ఆ మామిడిచెక్క పెట్టె అయితే బాగుంటుంది. అందులో మెత్తటి పాత బట్టలు పరవండి." ఏ పెట్టెనో మీకు తెలుసు. నా బిడ్డ కోసం పాత చీరలతో చిన్న బొంతల్లా కుట్టిన ఏడు కాంథాలు అందులోనే ఉన్నాయి. ఏడాదిగా నేను ఆ గదిలోకే పోలేదు. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు మెట్లెక్కాను. పైన ఉన్న కాంథా ఒకటి తీసి ముఖానికి అద్దుకుని తనివితీరా ఏడ్చి, మిగతా ఆరూ తీసి పక్కన పెట్టి, పెట్టె కిందికి తెచ్చి అందులో పరిచాను. ఖుదు రెండుసార్లు చుట్టూ తిరిగి అందులో పడుకుంది.

నిన్న పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయి. నేను ఫోను గోడకు ఆనించి పెట్టుకున్నాను. ఇచ్ఛామతి గారు మూడు గంటలు నన్ను వదల్లేదు. "ఇప్పుడు ముట్టుకోవద్దు, దాని పని దాన్ని చేసుకోనివ్వండి." "ఒక్కొక్క కూనకు మాయ పడిందో లేదో లెక్క చూడండి." "గంటసేపు ముక్కినా కూన రాకపోతే డాక్టరు దగ్గరికే, ఆలోచించొద్దు." మూడు వచ్చాయి. నాలుగోది వచ్చింది గానీ కదల్లేదు. ఖుదు అలసిపోయి దాన్ని నాకనైనా లేదు. నేను "చచ్చిపోయింది" అని రాశాను. వెంటనే జవాబు వచ్చింది. "లేదు. మీరనుకోకండి. పొర తీసెయ్యండి. నోరూ ముక్కూ తుడవండి. తల కొంచెం కిందికి వంచి, పొడిబట్టతో వీపు రుద్దండి. గట్టిగా రుద్దండి. ఆపకండి బౌదీ, ఆపకండి."

కాంథా కొసతో రుద్దాను. ఎంతసేపో తెలియదు. దారమంత సన్నగా ఒక అరుపు వచ్చింది. అమ్మా, నా చేతుల్లో ఒక ప్రాణి ఊపిరి తీసుకుంది. నా చేతులు చెడ్డవి కావు. ఏడాది తర్వాత మొదటిసారి అలా అనిపించింది.

మీరు ముట్టవద్దన్నారు, ముట్టాను. తడిసిన బట్ట మార్చాను, వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాను. తిట్టండి. ఆరో రోజున కలం పెడతాను, అది మాత్రం మీ మాటే.

మీ
కేతకి


జోర్హాట్
ఆగస్టు 19

శ్రీ దుర్గ తోడు

బౌమా,

వరదకు దారి తెగిందట, నీ దగ్గర్నుంచి రెండు వారాలుగా ఉత్తరం లేదు. కోపమొచ్చిందా? పెద్దదాన్ని, నోటికొచ్చింది రాశాను. నీళ్ళలో కలిపేసుకో.

మొన్న శుక్రవారం ఇక్కడ నా ప్రాణం పోయి వచ్చింది. మిఠూ పొద్దున్నుంచీ ఫోను పట్టుకుని ముద్ద ముట్టలేదు. హజారికా గారు తోటకు పోకుండా మా కిటికీ దగ్గర కుర్చీ వేసుకు కూర్చున్నాడు. ఆయన ఏదో చెప్పడం, ఇది టకటకా గీకడం. నాకు ఒక్క ముక్క వినిపిస్తే కదా! రెండింటికి కాబోలు, మిఠూ "ఆపకు, ఆపకు" అని నాకు కూడా వినపడేలా అరిచి బావురుమంది. నొప్పులే వచ్చాయని నేను చెప్పుల్లేకుండా డాక్టరమ్మ కోసం గేటు దాకా పరిగెత్తాను. వెనక్కి వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు, ఆ పెద్దమనిషి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. "ఏమైందే?" అంటే, "ఆకలేస్తోందమ్మా, అన్నం పెట్టు" అంది. రెండుసార్లు వడ్డించుకుని తింది. ఏమైనా సినిమా చూశారేమో.

ఆ ముందు వారంలో ఇంకో వింత. "మన మేడమీద మామిడిచెక్క పెట్టె అక్కడే ఉందా, ఎవరికైనా ఇచ్చేశారా?" అని అడిగింది. మంచం మీద పడుకున్న మనిషికి పెట్టెతో ఏం పని?

ఖుదు సంగతి రాయి.

శైలబాల


బైద్యబాటి
ఆగస్టు 29

అమ్మా,

మీ ఉత్తరం నిలబడి చదివి, కూర్చుని మళ్ళీ చదివాను.

మన పెట్టె మూత సరిగా పడదని నేను ఆ గ్రూపులో ఎక్కడా రాయలేదు. పెట్టె ఉందనే రాయలేదు. భయంలో నాకు ఆ ధ్యాసే లేదు. ఫోను తీసి మొదటి నుంచి అన్నీ చూశాను. ఇచ్ఛామతి మొట్టమొదటి జవాబు నేను ఫొటో పెట్టిన పది నిమిషాలకే వచ్చింది. ఆ ఫొటోలో మన వంటింటి గడప, దాని మీద మీరు వేసిన అల్పన ముగ్గు. తను పుట్టి పెరిగిన గడపను ఎవరు గుర్తుపట్టరు?

మీరు తిట్టిన ఇచ్ఛామతి మీ మంచం మీదే ఉందమ్మా. మగవాడు కాదు.

ఏడాదిగా నేను ఆ పిల్ల మీద కోపం మోశాను. ఆ పిల్ల తన బిడ్డకు ఏమవుతుందో అన్న భయంతో కదలకుండా పడుకుని, నా పిల్లి కోసం పశువుల డాక్టర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. నా కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఇంత రాశాను కాబట్టి ఇదీ అడుగుతాను. మీరు బయల్దేరిన రోజు నేను కూడా వస్తానంటే, "నువ్వు ఇక్కడే ఉండు" అన్నారు. ఇంకో మాట చెప్పలేదు. కడుపు పోయినదాని నీడ నిండు మనిషి మీద పడకూడదనే కదా? నిజమైతే నిజమని రాయండి. నేను తట్టుకుంటాను.

ఆరో రోజున కలమూ సిరాబుడ్డీ పెట్టాను. నాలుగో కూన సిరాబుడ్డీ దొర్లించి ముక్కు నీలం చేసుకుంది. దాని పేరు ఇచ్ఛా.

కేతకి


జోర్హాట్
సెప్టెంబరు 6

శ్రీ దుర్గ తోడు

నా తల్లీ,

నీ ఉత్తరం మిఠూ పక్కన కూర్చుని పైకి చదివాను. 'మీ మంచం మీదే' అన్న దగ్గర ఆగి దాని వైపు చూశాను. అది దుప్పటి ముసుగేసుకుంది. లాగితే, "బౌదీకి చెప్పే మొహం లేకే అమ్మా వేరే పేరు పెట్టుకున్నాను. ఆ రోజు ఫోనులో ఎంత మాట అనేశాను! ఈ మంచం మీద పడుకుంటే తెలిసింది, మెట్లు ఎక్కినా ఎక్కకపోయినా జరిగేది మన చేతిలో లేదని" అని ఏడ్చింది. నేను ఇచ్ఛామతిని తిట్టిన తిట్లన్నీ దాని ఎదురుగానే తిట్టాను. పిల్లి పాల సంగతి హజారికా గారిని అడిగాను. ఆయన కూడా పడవనే అన్నాడు. సరే, ఒప్పుకున్నాను.

ఇక నీ ప్రశ్న. లేదు. నీ నీడ పడుతుందని కాదు. రోజూ ఆ కడుపు నీ కళ్ళ ముందు తిరుగుతుంటే నీకెలా ఉంటుందో అని నిన్ను ఉండమన్నాను. ఆ రెండో మాట నోటితో చెప్పి ఉంటే సరిపోయేది. తిట్టడం వచ్చినంత సులువుగా నాకు ఇలాంటివి రావు. నీ నీడంటే భయమే ఉంటే నిండు పిల్లిని నీ చేతిలో పెడతానా?

వాక్యం గుర్తు లేదని కూడా అబద్ధం రాశాను. రాస్తున్నప్పుడే గుర్తుంది. కడుపుతో ఉన్న ప్రాణి ఏదీ కోరిక తీరకుండా ఉండకూడదని ఏ నోటితో అన్నానో ఆ నోటితో నిన్నెప్పుడూ అడగలేదు. ఏడో నెల వస్తుంది, ఘనంగా సాధ్ పెడదాం, అప్పుడడుగుదాం అనుకున్నాను. ఐదు నెలలు నా ఎదురుగా తిరిగావు. ఏం తినాలని ఉందే అని ఒక్కసారి అడగలేదు. నన్ను క్షమించు.

ఈ నెల ఇరవై ఒకటిన మిఠూకి సాధ్. నువ్వు వడ్డిస్తేనే తింటానని భీష్మించుకు కూర్చుంది. "కడుపు పోయినవాళ్ళు వడ్డించకూడదు కదా" అని ఇక్కడొకావిడ అనబోయింది. ఆవిడకు టీ ఇచ్చి పంపేశాను. నువ్వు కుట్టిన వాటిలో మిగిలిన కాంథాలు తన బిడ్డకు కావాలంటోంది, కొత్తవి వద్దట. ఖుదునీ కూనల్నీ బులాకు అప్పజెప్పి రా.

ఆ రోజు రెండు పీటలు వేస్తాను. మిఠూకి ఏం కావాలో చెప్పింది. రెండో పీట నీది. అప్పుడు నీకు ఏం తినాలని ఉండేదో రాయి. ఏడాది ఆలస్యంగా అడుగుతున్నాను.

మీ అమ్మ


బైద్యబాటి
సెప్టెంబరు 13

అమ్మా,

పంతొమ్మిదో తేదీకి టిక్కెట్టు దొరికింది. కాంథాలు ఆరూ ఉతికి ఎండబెట్టాను. ఏడోది ఖుదు ఇవ్వదు, నేనూ అడగను. పాలు పెట్టవద్దని బులా కాకిమా చేత మూడుసార్లు చెప్పించుకున్నాను.

ఏం తినాలని ఉండేదో అడిగారు. చెబితే నవ్వుతారు. మన స్టేషన్లో మూడో ప్లాట్‌ఫారం మీద ఆ నీలం గళ్ళ లుంగీ ఆయన కలిపే మరమరాలు. ఆవనూనె కాస్త ఎక్కువ పోయించుకుని, పచ్చిమిరపకాయా కొబ్బరి ముక్కా కొరుక్కుంటూ తినాలని ఉండేది. బజారు తిండి అంటారని మీకు చెప్పలేదు. రేపడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఉండిపోయాను.

కలిపి తెస్తే రెండు రోజుల ప్రయాణంలో మెత్తబడిపోతాయి. అందుకని మరమరాలు వేరే సంచిలో, నూనె వేరే సీసాలో తెస్తున్నాను. మీ చేత్తో కలిపి పెట్టండి. ఇచ్ఛామతి పళ్ళెంలో కూడా కొంచెం.

మీ
కేతకి